పొరుగు సర్కారుతో రాయబారము: హాంగ్‌కాంగు, కాంటను నగరముల కథ



నా చిన్ననాట మా యూరికిని ఎగువ యూరికిని కాలువనీటి విషయమున తగవు వచ్చెను. ఎగువవారు తూము మూసివేసిరి. మా పెద్దలు నలుగురు కూర్చుండి మర్యాదగా నొక యుత్తరము వ్రాసి తలారిచేత పంపిరి. మరునాటికే ఆ యుత్తరము విప్పకుండ తిరిగి వచ్చెను. మావారు దానిని ఆ యూరి కరణముగారి పేర వ్రాసిరి. ఆ యేట అక్కడ పెత్తనమంతయు మునసబుగారి పక్షమున నుండెను. కరణము పుచ్చుకొనుటకు జంకెను. మునసబు తన పేర లేని కాగితమును ముట్టనొల్లకుండెను. పైచిరునామా సరిచేయుటకే పది దినములు పట్టెను. ఈలోపల మా నారుమళ్లు నెఱ్ఱెలు విచ్చినవి.

చీనా దేశపు దక్షిణ తీరమున 1925వ సంవత్సరమున జరిగిన యొక పెద్ద వైరమును గూర్చి చదువునప్పుడు నాకు ఆ యుత్తరమే జ్ఞప్తికి వచ్చెను. అక్కడను చిక్కు పైచిరునామాయందే యుండెను. ఆ కథను నేడు మీకు విన్నవింతును.

హాంగ్‌కాంగు ఒక దీవి. 1842లో నాంకింగు సంధివలన అది ఆంగ్లేయుల చేతికి వచ్చెను. ఎదుటి గట్టుననున్న కౌలూనును 1860లో పుచ్చుకొనిరి. దాని వెనుకటి పల్లెప్రాంతమును 1898లో 99 ఏండ్ల కౌలునకు తీసికొనిరి. అక్కడి జనులలో నూటికి తొంబదిమందికి పైగా చీనావారే. వారి చుట్టములు, పొలములు, పితరుల సమాధులు ఎల్ల కావలనున్న క్వాంగ్‌టుంగు రాష్ట్రమున నుండెడివి. ఆ రాష్ట్రమునకు ముఖ్యపట్టణము కాంటను. నేడు దానిని గ్వాంగ్‌ఝౌ అందురు. రెండింటికిని నడుమ దూరము సుమారు 120 కిలోమీటర్లు. సాయంకాలము హాంగ్‌కాంగున ఓడ నెక్కినవాడు తెల్లవారుసరికి కాంటను రేవున దిగును. 1911 నుండి రైలుకూడ నడుచుచుండెను. కూరలు, కోళ్లు, పందులు, పనిమనుషులు, ఓడ కళాసులు, అన్నియు అటునుండియే వచ్చెడివి. హాంగ్‌కాంగు ధనము గల యిల్లు. కాని దాని పొయ్యిలోని కట్టె పొరుగువానిది.

ఇక ఆ పొరుగు సర్కారు ఎవ్వరిది? ఇచ్చటనే ముడి యున్నది. ఆ దినములలో చీనాకు ఒక్క ప్రభుత్వము లేదు. పెకింగున నొక ప్రభుత్వముండెను. దాని మాట పెకింగు గోడలు దాటుట కష్టము. అయినను లండను వారు గుర్తించినది దానినే. కాంటనులో సన్ యట్ సెన్ నాయకుని కుమింటాంగు పక్షమువారు వేరొక ప్రభుత్వమును నిలిపియుండిరి. ఆయన 1925 మార్చి 12న గతించెను. ఆ యేడు జూలై 1న ఆయన యనుచరులు దానికి జాతీయ ప్రభుత్వమని పేరు పెట్టిరి. వారికి సోవియటు రష్యానుండి బొరొడిన్ అను సలహాదారు వచ్చియుండెను. ఆయుధములును అటనుండియే వచ్చుచుండెను. చాంగ్ కై షేక్ అధ్యక్షతన వాంపోవాలో సైనిక పాఠశాల నడుచుచుండెను. హాంగ్‌కాంగునకు ఎదురుగా సైన్యముతో, పన్నులతో, న్యాయస్థానములతో ఉన్నది ఈ ప్రభుత్వము. కాని లండను లెక్కలో అది లేనేలేదు.

హాంగ్‌కాంగు గవర్నరు స్థితి మరియు విచిత్రము. తన యెల్లలోపల ఆయన రాజప్రతినిధి. ఎల్లకు ఒక యడుగావల నున్నవానితో సంధిమాట లాడు నధికారము ఆయనకు లేదు. పరదేశ వ్యవహారములు లండనులోని విదేశాంగ శాఖవి. ఆ శాఖ తరఫున పెకింగున నొక రాయబారియు, ఆయన క్రింద కాంటనున నొక కాన్సలు జనరలును ఉండిరి. గవర్నరు వలసరాజ్యముల శాఖకు లోబడినవాడు. కావున నియమము ప్రకారము, కాంటనుతో గట్టిమాట యాడవలెనన్న ఆ మాట సగము భూగోళము చుట్టిరావలెను. కాన్సలుగారి నివాసమో, కాంటను నగరమునకు చేరువగా సన్నని కాలువచే వేరుపడిన షమీను అను చిన్న దీవిలో. వంతెనలు మూసినచో ఆయనయు ఖైదీయే.

ఇట్టి స్థితిలో నిప్పు పడినది. 1925 మే 30న షాంఘైలో ఆంగ్లేయాధికారి యాజ్ఞపై పోలీసులు జనసమూహముపై తుపాకులు కాల్చిరి, పలువురు చనిపోయిరి. ఆ కాల్చిన పోలీసులలో మన దేశపు సిక్కు లుండిరని చెప్పుటకు నాకు సంకోచముగా నున్నది. చెప్పకపోయిన కథ సగమగును. ఆ వార్త దేశమంతట ప్రాకెను. జూన్ 19న హాంగ్‌కాంగున కళాసులు, ట్రాము పనివారు, అచ్చుపనివారు సమ్మె కట్టిరి. జూన్ 23న కాంటనున షమీను కెదురుగా షాకీ వీథిలో గొప్ప ఊరేగింపు సాగుచుండగా కాల్పులు జరిగెను. ఆంగ్ల, ఫ్రెంచి సైనికులు కాలువ కీవలనుండి కాల్చిరి. 52 మంది చీనావారు మృతినొందిరి. నూరుమందికి పైగా గాయపడిరి. మొదటి గుండు ఊరేగింపులోనుండి వచ్చినదని ఆంగ్లేయులు, షమీనునుండి వచ్చినదని చీనావారు నేటివరకును వాదించుకొనుచున్నారు. 52 శవములు మాత్రము ఒక్క గట్టుననే లేచినవి.

అటుపిమ్మట హాంగ్‌కాంగు ఖాళీ కాజొచ్చెను. ఏడు లక్షలకు పైబడిన జనులలో జూలై నెల ముగియునాటికి సుమారు 2,50,000 మంది ఇండ్లు విడిచి కాంటను దారి పట్టిరి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల పేరాల ప్రజలు ఊళ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొనిన సంగతి మీరు తండ్రులవలన, తాతలవలన వినియుందురు. ఇదియు అట్టిదే, కాని ఇది రేవు పట్టణము, వెళ్లినవారు లక్షలు. హోటళ్లలో వంటవారు లేరు, వీథులు ఊడ్చువారు లేరు, ఓడల సరకు దింపువారు లేరు. దొరసానులు స్వయముగా వంటచేసికొనిరి. దొరలు ట్రాములు నడిపిరి. హాంగ్‌కాంగు అనగా వారి భాషలో పరిమళపు రేవని యర్థము. సమ్మెవారు దానికి కంపురేవని పేరు మార్చిరి.

కాంటనున వీరికొక సమ్మెసంఘ మేర్పడెను. సూ జావ్‌ఝెంగ్ అను కళాసి దాని పెద్ద. జూదపు టిండ్లును, నల్లమందు కొట్లును సమ్మెవారికి వసతులాయెను. సంఘమునకు స్వంత వంటశాలలు, స్వంత న్యాయస్థానము, తుపాకులు పట్టిన కావలివారు ఉండిరి. వారు రేవుల నన్నింటిని కాచి, హాంగ్‌కాంగునకు గింజ పోనీయకుండిరి. వారి యుక్తి యొకటి మెచ్చదగినది. పరదేశపు టోడలన్నింటిని వారు అడ్డలేదు. ఓడ ఆంగ్లేయులది కాకపోయినచో, హాంగ్‌కాంగు రేవును తాకక నేరుగా వచ్చినచో, దానికి అనుమతి చీటి నిచ్చిరి. కావున జపానువారి యోడలు, అమెరికావారి యోడలు నేరుగా కాంటనుకే రాసాగెను. ఊరి సంత నశింపలేదు. సంతదారిలోని సుంకపుటిల్లు మాత్రము బోసిపోయెను. హాంగ్‌కాంగున వర్తకులు దివాళా తీసిరి. తుదకు ఆ సంపన్న పట్టణమును నిలుపుటకు లండను 30,00,000 పౌనుల ఋణమీయవలసి వచ్చెను.

అప్పటి గవర్నరు సర్ రెజినాల్డ్ స్టబ్సు. ఆయనకు తోచిన మార్గము ఒక్కటియే: కాంటను ప్రభుత్వమును కూలద్రోయవలెను, అందుకు దాని శత్రువులైన సేనాపతులకు ధనమీయవలెను. లండను ఒప్పుకొనలేదు. ధర్మబుద్ధిచేతనే ఒప్పుకొనలేదని నేననను. ఒక కాంటనుకై చీనా యంతటను తమ వర్తకమును పాడుచేసికొనుట వారికి ఇష్టములేకుండెను. స్టబ్సుదొరను పిలిపించుకొని, 1925 నవంబరులో సర్ సిసిల్ క్లెమెంటీని పంపిరి.

ఈ క్లెమెంటీనిగూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ఆయన పుట్టినది మన కాన్పూరున, 1875లో. ఉద్యోగ ప్రారంభమున హాంగ్‌కాంగున పనిచేసి చీనాభాషను క్షుణ్ణముగా నేర్చెను. కాంటను మాండలికములోని ప్రేమగీతములను ఆంగ్లమున కనువదించి 1904లో ప్రకటించెను. 1907, 1908 సంవత్సరములలో మధ్య ఆసియాలోని కాష్‌గరు మొదలుకొని కౌలూను వరకు చీనా దేశమును అడ్డముగా ప్రయాణము చేసెను. పిమ్మట బ్రిటిషు గయానాలో చాలకాలము ఉన్నతోద్యోగమున నుండెను. ఆ గయానాకే మదరాసు రేవునుండి మన తెలుగువారు, అరవవారు కొందరు ఒప్పందపు కూలీలుగా పోయియుండిరి. ఆ కూలి యెగుమతి 1917లో ఆగినప్పుడు ఆయన అక్కడనే యున్నాడు. మొత్తముమీద పొరుగువాని భాష, పాట, దారి తెలిసినవాడు గవర్నరై వచ్చెను. ఇక తగవు తీరినట్లే యని పలువురు తలచిరి. నేనును మొదట చదివినప్పుడు అట్లే తలచితిని.

ఆయన వచ్చుటతోడనే మైత్రి కోరుచున్నానని ప్రకటించెను. తాను నేరుగా ఉత్తరము వ్రాసినచో లేని ప్రభుత్వమును ఉన్నదని యొప్పుకొన్నట్లగును. కావున 1925 చివర హాంగ్‌కాంగులోని చీనా వర్తకులను రాయబారమునకు కదల్చిరి. వారు కాంటనుకు పోయి మాటలాడిరి. పని కాలేదు. “మీరు వర్తకులు. మా వాదము గవర్నరుతో. ఆయన తరఫున ఒప్పుకొను నధికారము మీకున్నదా?” అని సమ్మెసంఘమువారి ప్రశ్న. వర్తకుల కట్టి యధికారము లేదు.

ఇక గవర్నరు కాంటను ప్రభుత్వమునే నేరుగా కదిలించిచూచెను. అచ్చట రెండవ తలుపు మూసికొనెను. “ఈ సమ్మెకును మాకును సంబంధము లేదు. అది ప్రజలు చేయుచున్నది. మీరు సమ్మెసంఘముతో తేల్చుకొనుడు, మేము మధ్యవర్తులము మాత్రమే” అని కాంటనువారి భావము. క్లెమెంటీకి ఇది ఒళ్లు మండించు మాట. ఆయన దృష్టిలో సమ్మెసంఘము తుపాకులు పట్టిన యొక గుంపు. దానిని పోషించుచున్నది ప్రభుత్వము. ప్రభుత్వము ప్రభుత్వముతోనే మాటాడవలెను. మాటాడ గోరినవానిని గుర్తింపనొల్లనివాడు ఆంగ్లేయుడు. గుర్తింపు కోరుచునే బాధ్యత నొల్లనివాడు కాంటను మంత్రి. ఇద్దరి నడుమ ఆ సమ్మెసంఘ మున్నది. దానితో మాత్రము ఎవ్వరును సమానముగా కూర్చుండలేదు.

సమ్మెవారు కోరినవి యేవి? చట్టము ముందు సమానత్వము, వాక్స్వాతంత్ర్యము, ఎన్నికలలో ఓటు, పనిగంటల పరిమితి, ఇంటి అద్దెల తగ్గింపు, ఇష్టమైనచోట నివసించు హక్కు. ఈ చివరిదాని కొక కారణము కలదు. హాంగ్‌కాంగు కొండమీద, చల్లని గాలి వీచుచోట, చీనావారు కాపురముండరాదని 1904లో చట్టము చేసియుండిరి. ఈ కోర్కెలు పొరుగు రాజ్యపువి కావు. గవర్నరుగారి సొంత జనులవి. వానికి కాంటనులో సమాధానము వెదకుట యేల యని నాకు తోచుచున్నది. ఇంటిలో తీర్పదగిన దానిని ఎల్ల దాటించి, పరరాజ్యపు తగవుగా మార్చుకొనిరి.

1926 ఆరంభమున క్లెమెంటీ తన శాసనసభలో ఖండితముగా చెప్పెను: సమ్మె దినములకు కూలి ఈయము, పోయిన వారి పనులలో ఇతరులు కుదిరిరి, వారిని తొలగింపము. భాష తెలిసినవాని నోటనుండియే ఈ మాటయు వచ్చెను. అంతటితో నాగక, రేవులను ముట్టడింపవలె ననియు, బలమును చూపవలె ననియు ఆయనయు లండనుకు వ్రాయసాగెను. ఆరునెలలు తిరుగకుండ ప్రేమగీతముల పండితుడు స్టబ్సుదొర మాటయే మాటాడసాగెను. లండను ఈతనికిని వలదనెను. తలుపు కొట్టికొట్టి విసిగినవాని కోపము మొదటనే కోపించినవాని కోపముకన్న తీక్ష్ణముగా నుండునేమో.

ఆ సంవత్సరమున కాంటను విదేశాంగ మంత్రిగా యూజీన్ చెన్ అనునాయన వచ్చెను. ఈయన కథ విన్న నవ్వు వచ్చును. ఈయన చీనా వంశస్థుడేకాని పుట్టినది వెస్టిండీసులోని ట్రినిడాడు దీవిలో. జన్మచేత బ్రిటిషు ప్రజ. చదివినది ఆంగ్ల న్యాయశాస్త్రము. చీనాభాష ఆయనకు సరిగా రాదు. హాంగ్‌కాంగున చీనాభాష వచ్చిన ఆంగ్లేయుడు; కాంటనున ఆంగ్లమే వచ్చిన చీనావాడు! ఆంగ్లేయుల చట్టము, వారి పత్రికల ధోరణి, వారికి సిగ్గు కలుగు తావు, అన్నియు చెన్‌కు తెలియును. ఆయన వ్రాసిన యుత్తరములను లండను విప్పకుండ త్రిప్పిపంపలేకపోయెను.

1926 జూలైలో ఎట్టకేలకు ఇరుపక్షములు కాంటనున ఒక బల్లకు చేరినవి. ఆంగ్లేయుల తరఫున కాన్సలు బ్రెనన్, హాంగ్‌కాంగు పక్షమువారు. కాంటను తరఫున యూజీన్ చెన్, ఆర్థిక మంత్రి టి.వి. సూంగు మొదలగువారు. లండను గుర్తింపని ప్రభుత్వముతో లండను ఉద్యోగియే కూర్చుండెను. గుర్తింపు కాదిది, స్థానిక వ్యవహారము మాత్రమే యని ఆంగ్లేయులు చెప్పుకొనిరి. చెన్ మాత్రము తనకు కావలసినది అప్పుడే దక్కించుకొనెనని నా యూహ.

ఆ బల్లవద్ద చెన్ మొదట ముందుంచినది కూలి కాదు, షాకీ వీథి శవములు. దోషము మీది యనెను. మాది కాదనిరి ఆంగ్లేయులు. అప్పుమాటయు వచ్చెను. ఒక్కటియు కుదరలేదు. కొద్ది దినములకే సభ చెదరెను. సమ్మె కట్టి అప్పటికి పదుమూడు నెలలు.

అయితే ఆ జూలైలోనే మరియొకటి జరిగెను. చాంగ్ కై షేక్ సేనలు చీనా నంతటిని జయింపగోరి ఉత్తరమునకు కదలెను. యుద్ధమునకు ధనము కావలెను, వెనుక రేవు నెమ్మదిగా నుండవలెను, ఆంగ్ల నౌకలతో వైరము కూడదు. సమ్మెవారి పోషణము బరువుగా తోచసాగెను. సెప్టెంబరు మొదట ఆంగ్ల నౌకాదళము కాంటను రేవున సమ్మెకావలి పడవలను తొలగించివేసెను. కొద్ది దినములకే చెన్ బ్రెనన్‌నకు కబురంపెను: చీనా గణతంత్రపు పండుగయైన అక్టోబరు 10 నాటికి బహిష్కారము నెత్తివేయుదుము, దిగుమతులపై క్రొత్త సుంకము వేసికొందుము. సామాన్య సరకులపై నూటికి రెండున్నర, విలాసవస్తువులపై నూటికి అయిదు. ఆ సుంకపు రాబడినుండి సమ్మెవారికి భృతి యీయబడెను.

ఇక్కడి తమాషా చూడుడు. కానియైనను ఈయమని గవర్నరు శపథము పట్టిన సమ్మెకూలి, సుంకరూపమున వర్తకులవద్దనుండియే వసూలాయెను. సంధిపత్రము లేదు, సంతకము లేదు, సమ్మెవారి ఆరు కోర్కెలలో ఒక్కదానికిని జవాబు లేదు. క్లెమెంటీ ఆ సంవత్సరమే సర్ షౌసన్ చౌ అను చీనా పెద్దమనుష్యుని తన కార్యాలోచన సభకు నియమించెను. ఆ సభలో కూర్చుండిన మొదటి చీనావాడాయనయే. ఓటు మాట యట్లే యుండిపోయెను. కొండమీది కాపురపు చట్టము 1946 వరకు నిలిచెను.

లండను మాత్రము పాఠము నేర్చినది. 1926 డిసెంబరులో చీనా జాతీయోద్యమముతో సానుభూతిగా మాటాడుటకు సిద్ధమని ప్రకటించెను. 1927 ఫిబ్రవరిలో హాంకౌలోని తమ వాసస్థలమునే యూజీన్ చెన్‌తో ఒప్పందము వ్రాసికొని విడిచిపెట్టెను. గుర్తింపులేని మంత్రితో సంతకము!

కాంటనుకును హాంగ్‌కాంగునకును స్నేహము కుదిరినది 1928లో. అది యెట్లు కుదిరెనో చెప్పి విరమింతును. 1927 ఏప్రిలులో కుమింటాంగు పక్షమువారు తమలోని కమ్యూనిస్టులపై విరుచుకుపడిరి. కాంటనున ఆ పని నడిపినది సేనాపతి లీ జీషెన్. సమ్మె నడిపిన కార్మిక నాయకులు అనేకులు పట్టుబడిరి. పలువురు ప్రాణములు కోల్పోయిరి. మరుసటి యేడు ఆ లీ జీషెన్ హాంగ్‌కాంగునకు అతిథిగా వచ్చెను. గవర్నరు క్లెమెంటీ ఆయనను మర్యాదగా ఎదుర్కొనెను; పిమ్మట తాను కాంటనుకు పోయి దర్శనము మరల నొసగెను. మూడేండ్లుగా కోరిన ద్వారము తెరవబడెను. తాను సంఘముతో కూర్చుండనని క్లెమెంటీ యన్న ఆ సమ్మెసంఘము అప్పటికి లేనేలేదు.